పిలిచేదాకా వెతకని పేరు

పదకొండు దాటి పది నిమిషాలైంది. నేను కుర్చీలో చేరగిలబడి, పక్క టీము వాళ్ళు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టుకుంటూ మంచి హుషారుగా ఉన్నాను. ఎదుటివాళ్ళ తప్పులు దొరుకుతుంటే నాకు ఆకలి కూడా వేయదు. అప్పుడు బుడగల మాస్టారు నా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

ఆయన అసలు పేరు ఆఫీసులో సగం మందికి తెలియదు. మేం తయారుచేసేది డయాలసిస్ మిషన్లు. కిడ్నీలు చెడిపోయినవాళ్ళ రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మళ్ళీ ఒంట్లోకి పంపే మిషన్లు. అలా తిరిగి వెళ్ళే రక్తంలో గాలి చేరితే ప్రాణానికే ముప్పు. అందుకని మాస్టారు ఇరవై రెండేళ్ళుగా కింద వర్క్‌షాపులో కూర్చుని, ఎర్రనీళ్ళు తిరిగే గొట్టాల్లోకి సిరంజితో గాలి ఎక్కించి, మిషను దాన్ని పట్టుకుంటుందో లేదో చూస్తుంటాడు. గాలి కనపడగానే గొట్టాన్ని నొక్కి మూసే క్లాంపు టక్కున పడాలి. ఆ చప్పుడు వినడమే ఆయన ఉద్యోగం.

"ఒకసారి కిందికి రా అమ్మా," అన్నాడు.

"ఏం మాస్టారూ, మళ్ళీ మౌసు మొరాయించిందా?"

మామూలుగా నేనొక వెటకారం చేస్తే ఆయన రెండు వడ్డిస్తాడు. ఈసారి నేరుగా మెట్లవైపు నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను.

కింద బల్ల మీద మిషను తిరుగుతోంది. పంపు గుండ్రంగా, తీరిగ్గా, ఎర్రనీళ్ళని తోస్తోంది. "వారం రోజులు నేను సెలవులో ఉన్నానా, నేను లేకుండానే ఈ ప్రోగ్రాము కొత్త వెర్షన్ బయటికి పంపేశారు," అన్నాడు మాస్టారు. "మన దగ్గర పరీక్షలకి వాడేది కాకుండా, సరిగ్గా బయటికి వెళ్ళిందే ఎక్కించి చూద్దామనిపించింది. చూడు."

సిరంజి నొక్కాడు. శనగగింజంత బుడగ ఒకటి గొట్టంలో బయల్దేరింది. దాన్ని కనిపెట్టే కన్ను దగ్గరికి చేరింది. క్లాంపు పడలేదు. మిషను తెర నల్లబడిపోయింది. నల్లటి తెర మీద పైన ఒక మూల సన్నగా ఒక్క తెల్ల లైను వచ్చింది. అలాంటి లైన్లు నా కంప్యూటర్లో వేలసార్లు చూశాను. మిషను ముఖం మీద మాత్రం ఎప్పుడూ చూడలేదు. ప్రోగ్రాములో క్లాంపు మూసే పని పేరు రాసి, ఈ పేరు గలది ఎక్కడా దొరకలేదు అని ఉంది అందులో.

పంపు మాత్రం ఆగలేదు. దానిది వేరే బోర్డు. మెయిన్ బోర్డు నుంచి కబురు ఆగిపోయిందని దానికి నమ్మకం కుదిరేదాకా చివరిసారి చెప్పిన పనే చేస్తూపోతుంది. బుడగ తెరిచి ఉన్న క్లాంపు కింద నుంచి నింపాదిగా వెళ్ళి, మనిషికి బదులు మేం పెట్టుకున్న ప్లాస్టిక్ బకెట్లో పడింది. మాస్టారు ఇంకా సిరంజి నొక్కుతూనే ఉన్నాడు. దాని వెనకాల గాలి, ఇంకా గాలి. చాలాసేపటికి పంపు ఆగింది.

"ముప్పై సెకన్లు," అన్నాడు. "ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ ఇంతే."

ఆ లైను చూడగానే తప్పు ఎవరిదో నాకు తెలిసిపోయింది.

కొంచెం ఓపిక పట్టండి, ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మిషన్లో ఉండే ప్రోగ్రాము ఒక్క ముద్ద కాదు. ముఖ్యమైనది ఒకటి, దానికి తోడు లైబ్రరీలని కొన్ని ఫైళ్ళు. పంపు సంగతి చూసేది ఒక లైబ్రరీలో, క్లాంపు సంగతి చూసేది ఇంకోదాంట్లో. ముఖ్యమైన ప్రోగ్రాముకి ఆ పనుల పేర్లు తెలుసు గానీ అవి ఎక్కడుంటాయో తెలియదు. మిషను ఆన్ చేశాక లోడరు అనే చిన్న ప్రోగ్రాము ఆ పేర్లు పట్టుకుని లైబ్రరీల్లో ఒక్కొక్కటిగా వెతికి, నువ్వడిగింది ఇదిగో ఇక్కడుంది అని చిరునామా ఇస్తుంది. మేం ఆ పేర్లని సింబల్స్ అంటాం. వెతకడానికి రెండు పద్ధతులున్నాయి. ఆన్ చేయగానే అన్ని పేర్లూ వెతికేయడం ఒకటి. అందులో ఒక్క పేరు దొరక్కపోయినా మిషను అసలు లేవదు. ఏ పేరుతో పని పడితే అప్పుడే దాన్ని వెతకడం రెండోది. పని పడనంతసేపూ ఆ పేరు ఉందో లేదో ఎవరికీ పట్టదు. పొయ్యి వెలిగించేముందు డబ్బాలన్నీ దింపి చూసుకునేవాళ్ళు మొదటి రకం. కూర ఉడుకుతుండగా ఉప్పు కోసం వెతుక్కునేవాళ్ళు రెండో రకం. మా ఇంట్లో మొదటి రకం మా తోడికోడలు. రెండో రకం నేను.

ఏ పద్ధతి కావాలో చెప్పేది ప్రోగ్రాములో ఒకే ఒక్క మాట. నాలుగు నెలల కిందట ఆ మాట మార్చింది నేను. మిషను లేవడానికి పంతొమ్మిది సెకన్లు పడుతోందని, పొద్దున్నే పన్నెండు మిషన్లు ఆన్ చేసేసరికి ప్రాణం పోతోందని నర్సులు గోలపెట్టారు. నేను పేర్లు వెతకడాన్ని వాయిదా వేశాను. పంతొమ్మిది కాస్తా ఏడు అయింది. మేనేజరు మీటింగులో నన్ను నిలబెట్టి మెచ్చుకున్నాడు. నేను మొహమాటపడినట్టు నటించాను.

పైకి పరిగెత్తి, బయటికి పంపిన ఫైళ్ళలో ఏ పేర్లున్నాయో తీసి చూశాను. క్లాంపు మూసే పేరు ఏ లైబ్రరీలోనూ లేదు. మా పరీక్షల లైబ్రరీలో ఉంది. అదే పని రెండు చోట్ల ఉండటం దండగని, ఆ మధ్య పాత సరుకు సర్దినప్పుడు ఎవరో ఒకటి తీసేశారు. అసలైనదాన్ని తీసేసి నకలుని ఉంచారు. పరీక్షల లైబ్రరీ ఆఫీసు గడప దాటదు. కాబట్టి మా దగ్గర ఎన్నిసార్లు వెతికినా పేరు దొరికింది, పరీక్ష పాసయింది. పొద్దున్నే మిషను తనని తాను పరీక్షించుకునేటప్పుడు క్లాంపు పడి లేస్తుంది గానీ, అది బోర్డు సొంతంగా చేసుకునే పని. దానికి మా పేర్లతో సంబంధం లేదు. నేను ఆ ఒక్క మాట మార్చకపోయి ఉంటే, ఎవరు ఏది తీసేసినా మిషను పొద్దున్నే లేవనని మొండికేసేది. నర్సులు తిట్టుకుని పాత మిషను వాడుకునేవాళ్ళు. అంతకుమించి ఏమీ జరిగేది కాదు.

ఈ వెర్షన్ నిన్న సాయంత్రం రెండే రెండు మిషన్లలో ఎక్కించారు, ట్రయల్ కోసం. ఆ డయాలసిస్ సెంటర్ని మేనేజరుకి సూచించింది నేనే. ఎందుకంటే మా తోడికోడలు వారానికి మూడుసార్లు వెళ్ళేది అక్కడికే.

మా బావగారి భార్య ఆవిడ. బజారులో బట్టలు కుట్టే షాపు ఉంది. కిడ్నీలు పోయి రెండేళ్ళయినా షాపు తలుపు ఒక్క వారం కూడా మూయలేదు. తొమ్మిదేళ్ళుగా మేమిద్దరం ఒకే వంటింట్లో రోజూ పోట్లాడుకుంటున్నాం. ఒక్కపూట కూడా మాట్లాడుకోకుండా ఉండలేదు. నన్ను ఇంజనీరమ్మా అంటుంది. అది పొగడ్త అని ఎవరూ పొరపాటుపడరు. నిన్న రాత్రి అన్నం దగ్గర నేను, "రేపు నాలుగో నంబరు కుర్చీ అడిగి తీసుకో అక్కా, అక్కడ మా కొత్త మిషను పెట్టారు," అన్నాను. "నువ్వు చేసిందా? అయితే రక్తంలో కూడా ఉప్పు ఎక్కువవుతుందేమో," అంది. అంది గానీ, ఆ కుర్చీయే అడుగుతుందని నాకు తెలుసు.

ఎనిమిదిన్నరకి మొదలవుతుంది. నాలుగు గంటలు. పన్నెండున్నరకి గొట్టాల్లో మిగిలిన రక్తాన్ని సెలైన్‌తో తోసి ఒంట్లోకి పంపిస్తారు. సెలైన్ సంచి ఖాళీ అయ్యే ఆ నాలుగైదు నిమిషాల్లోనే గాలి వచ్చేది. మిగతా అంతసేపూ బుడగ రాకపోవచ్చు. వస్తే ఎప్పుడైనా రావచ్చు. గోడ మీద గడియారం పదకొండు ఇరవై రెండు చూపిస్తోంది.

మేనేజరు గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళాను. చెడ్డవాడు కాదు, భయస్తుడు. నేను చెప్పింది విన్నాక రెండుసార్లు నీళ్ళు తాగాడు.

"సెంటర్‌కి మనం నేరుగా ఫోన్ చేయకూడదు కదా. సర్వీసు వాళ్ళు చేయాలి," అన్నాడు.

"సార్, అక్కడ మనుషులు మిషన్లకి కట్టేసి ఉన్నారు."

"నేను కాదనట్లేదు. సర్వీసు హెడ్‌కి చేస్తున్నా." చేశాడు. అటువైపు ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. "ఒక్క పది నిమిషాలు చూద్దాం. ఈలోపు నువ్వు కారణం రాసి పంపించు. కారణం లేకుండా హెచ్చరిక పంపితే మన మెడకి చుట్టుకుంటుంది."

ఆయన ముందే సెంటర్ నంబరు నొక్కాను. ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రిసెప్షన్ అమ్మాయి ఎత్తింది. ప్రాణాపాయం, ఆపండి అని అరవాలి నేను. కానీ ఎదురుగా మేనేజరు రెండు చేతులూ కిందికి ఆడిస్తూ, నెమ్మది నెమ్మది అని సైగ చేస్తున్నాడు. నాలోపల కూడా ఒక పిరికి గొంతు, ఇప్పుడు నువ్వు చెప్పే ప్రతి మాటా రేపు విచారణలో నీ మీదికే వస్తుంది అంటోంది.

"మిషన్ల కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను. నాలుగు, ఐదు నంబర్ల మిషన్లలో చిన్న చెక్ ఒకటి ఉంది. సిస్టర్ని ఒకసారి లైన్లోకి పిలుస్తారా?"

"సిస్టర్లు పేషంట్ల దగ్గరున్నప్పుడు ఫోన్ తీసుకోరు మేడమ్. అర్జెంటా?"

"కొంచెం," అన్నాను. కొంచెం అన్నాను నేను.

"చీటీ రాసి పెడతాను. వాళ్ళు బయటికొచ్చినప్పుడు ఇస్తాను."

"నాలుగో కుర్చీలో ఉన్నావిడతో మాట్లాడొచ్చా? మా అక్క."

"ఆవిడ నిద్రపోతున్నారు మేడమ్, అద్దంలోంచి కనపడుతున్నారు. రోజూ అంతేగా, గొట్టాలు పెట్టగానే పడుకుంటారు." ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే బిజీ. అక్క సెల్లుకి చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

చిన్న చెక్ అన్న నా గొంతు నా చెవుల్లోనే ఉండిపోయింది. ఆ అమ్మాయి చీటీ మీద ఏం రాసి ఉంటుందో, దాన్ని ఏ పేపర్ వెయిట్ కింద పెట్టి ఉంటుందో ఊహించుకున్నాను. మేనేజరు ఇంకా సర్వీసు హెడ్ నంబరే నొక్కుతున్నాడు. నేను బయటికి నడిచాను.

మాస్టారు గేటు దగ్గర స్కూటర్ స్టార్ట్ చేసి ఉన్నాడు. "ఎక్కడికని అడగవేం?" అన్నాను ఎక్కుతూ.

"నీ ముఖం చూస్తే తెలియట్లేదా," అన్నాడు.

పదకొండు నలభై అయింది. మాస్టారు ఎప్పుడూ స్కూటర్ని పెళ్ళివాళ్ళ కారులా నడుపుతాడు. ఆరోజు సందుల్లోంచి, పేవ్‌మెంట్ అంచుల మీంచి, తిట్లు తింటూ పోనిచ్చాడు. నేను వెనక కూర్చుని అక్కకి ఫోన్ చేస్తూనే ఉన్నాను. పెద్ద కూడలిలో ఒక లారీ అడ్డంగా ఆగిపోయి ఉంది. డ్రైవరు దిగి టైరు కేసి చూస్తున్నాడు. ముందు కార్లు, వెనక కార్లు. స్కూటర్ దూరడానికి కూడా సందు లేదు.

అక్కడ పన్నెండు నిమిషాలు నిలబడ్డాం. నా బతుకులో అంత పొడుగు పన్నెండు నిమిషాలు లేవు. మిషను ఇప్పుడు బాగానే తిరుగుతుంటుంది. తెర మీద అంకెలన్నీ పచ్చగా ఉంటాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయని చూపిస్తుంది, నిజంగా అలాగే అనుకుంటుంది కూడా. ఒక్క పేరు దాని దగ్గర లేదు. లేదన్న సంగతి దానికి తెలియదు. తెలుసుకునేది ఆ పేరుతో అవసరం పడ్డ క్షణంలో. అప్పటికి బుడగ వచ్చేసి ఉంటుంది. నేనే అలా ఏర్పాటు చేశాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

"మాస్టారూ, నాకు భయమేస్తోంది," అన్నాను.

"నాకూ వేస్తోందమ్మా," అన్నాడు. ఇంకేం ధైర్యం చెప్పలేదు. అదే మేలు.

లారీ పక్కకి జరిగింది. సెంటర్ ముందు దిగేసరికి పన్నెండు పది. ఇంకా ఇరవై నిమిషాలుందని ఊపిరి పీల్చుకుంటూ మెట్లెక్కాను. రిసెప్షన్ అమ్మాయి నన్ను చూసి, "మీరేనా ఫోన్ చేసింది? చీటీ రాశాను మేడమ్," అని ఎత్తి చూపించింది. చీటీ ఆమె దగ్గరే ఉంది. "సిస్టర్ ఇంకా బయటికి రాలేదు. నాలుగో పేషంటుకి కాళ్ళు పట్టేశాయట, ముందే ముగించేస్తున్నారు."

ఆ మాట చెవిన పడ్డాక చెప్పులు విప్పానో లేదో, తలుపు ఎలా తోశానో గుర్తు లేదు. లోపల పొడుగాటి గది. తెల్లటి లైట్లు, రెండు వరసల కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కనా మా కంపెనీ మిషను. స్పిరిట్ వాసన. నాలుగో కుర్చీలో అక్క పడుకుని ఉంది, దుప్పటి గడ్డం దాకా కప్పుకుని, నోరు కాస్త తెరిచి. ఎడమ చెయ్యి బయట ఉంది. ఆ చేతిలోకి వెళ్ళే గొట్టంలో ఎరుపు పలచబడి గులాబీ రంగుకి వస్తోంది. సెలైన్ సంచి ముడతలు పడి, అడుగున రెండు చెంచాలు మిగిలింది. హెడ్ సిస్టరు మిషనుకి వీపు పెట్టి చార్టులో ఏదో రాసుకుంటోంది. ఆవిడ రాసుకోవచ్చు, తప్పు కాదు. గాలి వస్తే ఆపడానికి మిషను ఉంది కదా.

"పంపు ఆపండి సిస్టర్," అన్నాను.

ఆవిడ తిరిగి చూసింది. "ఎవరమ్మా మీరు? పేషంట్ల తాలూకు వాళ్ళు లోపలికి రాకూడదు. బయటికి వెళ్ళండి."

"గాలి వస్తే ఆ క్లాంపు పడదు. ఆ మిషను చేసింది నేనే. తప్పు చేశాను. పడదు, ఆపండి."

అంత సులువా చెప్పడం? గంటసేపటి నుంచి గొంతులో అడ్డంపడ్డది నాలుగు ముక్కల్లో అయిపోయింది. సిస్టరు నన్ను ఒక్క క్షణం చూసింది. ఏళ్ళ తరబడి మనుషుల ముఖాలు చూసిన కళ్ళు అవి. ఇంకేమీ అడగలేదు. చార్టు కింద పడేసి, అక్క చేతి దగ్గరున్న నీలం క్లిప్పు బొటనవేలితో నొక్కేసింది.

అప్పటికే సంచి ఖాళీ అయిపోయి ఉంది. గొట్టం పైభాగంలో ఒక బుడగ, దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత గులాబీ రంగే లేకుండా జానెడు గాలి. అది కన్ను దగ్గరికి వచ్చింది. మిషను తెర నల్లబడింది. పైన మూల తెల్లటి లైను వచ్చింది. క్లాంపు పడలేదు. పంపు తిరుగుతూనే ఉంది, గాలిని తోస్తూనే ఉంది, నీలం క్లిప్పు దగ్గర గొట్టం ఉబ్బుతోంది. సిస్టరు రెండో చేత్తో పంపు మీద మూత ఎత్తేసింది. మూత తెరిస్తే పంపుకి కరెంటు తెగిపోతుంది. అది ఏ ప్రోగ్రామూ అక్కర్లేని పాతకాలపు స్విచ్చి. పంపు ఆగింది. గాలి అక్క చేతికి బెత్తెడు దూరంలో ఆగింది.

సిస్టరు బొటనవేలు క్లిప్పు మీద తెల్లబడిపోయి ఉంది. "ఇంకేవైనా ఉన్నాయా ఇలాంటివి?" అంది.

"ఐదో నంబరు."

ఐదో కుర్చీలో ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు పేపరు చదువుకుంటున్నాడు. ఇంకో సిస్టరు పరిగెత్తుకెళ్ళి ఆయన పక్కన నిలబడి, గొట్టం చేత్తో పట్టుకుంది. ఆయన కళ్ళద్దాల మీంచి చూసి, "ఏమైంది తల్లీ, నా టైమైపోయిందా?" అన్నాడు. ఇంకా గంట ఉందని ఆమె చెప్పింది.

అక్క కళ్ళు తెరిచింది. నల్లటి తెర చూసింది, సిస్టరు చేతిని చూసింది, నన్ను చూసింది. "నువ్వెందుకొచ్చావే? చెప్పులతో వచ్చావేంటి లోపలికి?" అంది.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాను. అబద్ధం చెప్పడానికి మంచి సందు దొరికింది. మిషను పాడైందట, అటుగా వెళ్తూ వచ్చాను అనొచ్చు. మాస్టారు గుమ్మం దగ్గరే ఉన్నాడు, ఆయన నోరు విప్పడు. కానీ సిస్టరు అంతా వింది. ఆవిడ నా వైపే చూస్తోంది, నువ్వు చెప్తావా నేను చెప్పనా అన్నట్టు. చెప్పాను. ఒక్క మాట మార్చానని, ఎందుకు మార్చానో, ఆ మాట వల్ల ఏం కాబోయిందో, ఫోన్లో చిన్న చెక్ అన్నానని కూడా చెప్పాను.

అక్క గొట్టంలో ఆగిపోయిన గాలిని చాలాసేపు చూసింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి. ఆరోజు ఏమీ అనలేదు. సిస్టరు గొట్టం విప్పి, సూదులు తీసి, దూది నొక్కిపెట్టింది. ఇంటికి టాక్సీలో వెళ్ళేటప్పుడు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. రాత్రి నాకు అన్నం వడ్డించింది గానీ ఉప్పు మాట కూడా ఎత్తలేదు. నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. ఆ మౌనం భరించలేక నేనే రెండుసార్లు మాట కలిపాను. ఊ అంది, అంతే.

మర్నాడు ఆఫీసులో, తీసేసిన క్లాంపు పేరు తిరిగి పెట్టించి, ఆ మాట మళ్ళీ పాతలా మార్చేశాను. ఇప్పుడు మిషను లేవడానికి మళ్ళీ పంతొమ్మిది సెకన్లు పడుతుంది, లేచేముందు ప్రతి పేరూ వెతుక్కుంటుంది. కారణం రాసే ఫారంలో మేనేజరు "ప్రక్రియా లోపం" అని రాసుకొచ్చాడు. కొట్టేసి నా పేరు రాశాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో పైవాళ్ళు తేలుస్తారట. ఆ భయం ఉంది గానీ, అది చిన్నది. పెద్ద భయం వేరే ఉంది. నేను ఇన్నేళ్ళలో మార్చిన మాటలు ఇంకెన్ని ఉన్నాయో, వాటిలో ఏది ఎవరి చేతి దగ్గర ఆగి ఉందో నాకే తెలియదు. కూర్చుని ఒక్కొక్కటే చూస్తున్నాను.

ఆ మర్నాడు మళ్ళీ డయాలసిస్ రోజు వచ్చింది. మానడానికి కుదరదు. మానితే మనిషే ఉండదు. నేను సెలవు పెట్టి అక్కతో వెళ్ళాను. ఒకటో నంబరు కుర్చీ, పాత మిషను, పాత వెర్షన్. మాస్టారు ముందురోజే వచ్చి దానికి గాలి ఎక్కించి, క్లాంపు చప్పుడు పదిసార్లు విని వెళ్ళాడు. ఆ సంగతి అక్కకి చెప్పాను. తలూపింది. సిస్టరు సూదులు గుచ్చింది. గొట్టాలు ఎర్రబడ్డాయి. పంపు తిరగడం మొదలుపెట్టింది.

తొమ్మిదయింది, తొమ్మిదిన్నరయింది. అక్క పడుకోలేదు. దిండు మీద తల పక్కకి తిప్పి, రెప్ప వేయకుండా క్లాంపునే చూస్తోంది. కళ్ళ కింద నల్లగా ఉంది. నిన్న షాపులో అర్ధరాత్రి దాకా కుట్టిందని బావగారు అన్నారు. వారం మొత్తంలో ఈ మూడు పూటలే ఆవిడకి నిద్ర.

"కాసేపు పడుకో అక్కా," అన్నాను. "నేను చూస్తుంటాను కదా."

ఆవిడ క్లాంపు మీంచి కళ్ళు తిప్పలేదు.

"నువ్వు చూస్తున్నావనేగా ఇన్నాళ్ళూ పడుకుంది," అంది.